హావ్ గారి గుమ్మం ముందు జాడీ లేని పండుగ

హావ్ రున్‌షెంగ్ ఇవాళ లియాంగ్‌పో జిల్లాకు అధిపతి. ఆయన పేరు ముందు ఎన్ని పదవులు చేర్చినా మా వెనిగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆయన్ని గుర్తుపట్టేది మాత్రం దగ్గుతోనే. తెల్లారగట్ల పెరటి వైపు నుంచి ఒక దగ్గు, దాని వెనకే శ్రుతి తప్పిన నాటకం పాట వినబడ్డాయంటే హావ్ లేచాడని అర్థం. నా వంటింటి కిటికీ సరిగ్గా ఆయన గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. ఆయన మీసాలు రాని కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చూడాలని కాదు, కూరగాయలు తరగాలంటే అక్కడే నిలబడాలి మరి.

మా ఊరి వెనిగర్‌ను జొన్నలతో చేస్తారు. కొత్త సరుకును నల్లటి బానల్లో పోసి పెరట్లో వరసగా నిలబెడతారు. అది వేసవంతా ఎండ తాగాలి, చలికాలమంతా గడ్డకట్టాలి. పొద్దున్నే పైన కట్టిన మంచుపెచ్చును తీసి పారేస్తే నీరు పోతుంది, పులుపూ నలుపూ బానలో మిగులుతాయి. హావ్ మొదట పనికి కుదిరింది ఆ మంచుపెచ్చులు తీసే గుంపులోనే, మా ఆయన చేతికింద. చేతులు పగిలి నెత్తురు కారేది. "రేపు రాడు చూడు" అనేవాడు మా ఆయన. తెల్లారేసరికి అందరికన్నా ముందు అతనే ఉండేవాడు. పైగా ప్రతి బానలోనూ చిటికెనవేలు ముంచి రుచి చూసేవాడు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మా ఇంటికి వస్తే ముందు వేలు నా ఊరగాయలోకి పోతుంది, ఆ తరవాతే పలకరింపు.

సీసాలు కడిగే విభాగంలో పనిచేసే రుయ్‌లియెన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ పిల్ల నెమ్మదస్తురాలు. మాట అంటే పడదు, అలాగని తిరిగి ఒక మాటా అనదు. లోపల్లోపల బాధపడుతుంది, అంతే.

ఏ ఫ్యాక్టరీ తిండి ఆ ఫ్యాక్టరీయే సంపాదించుకోవాలని పైనుంచి చెప్పిన కాలం ఒకటి వచ్చింది. మా వెనిగర్ కొనేవాడు లేడు. బానలన్నీ నిండిపోయాయి, పిల్లలు స్నానం చేసే తొట్లలో కూడా వెనిగరే. అప్పటి మేనేజరు గుండెనొప్పి అని సెలవు పెట్టి మళ్లీ రాలేదు. అందరూ వద్దు బాబోయ్ అన్న కుర్చీలో హావ్‌ను కూర్చోబెట్టారు. ఆయన ఒక్కరోజు కూడా దాని మీద కూర్చోలేదు. చిన్న చిన్న సీసాలు సంచిలో వేసుకుని దక్షిణానికి పోయే రైలెక్కేశాడు.

రైల్లో జనం వేడినీళ్లు పోసుకుని నూడుల్స్ తింటారు. ఆ వేళకు ఈయన సీటు సీటుకీ తిరిగి, "ఒక్క చుక్క వేసుకోండి బాబూ. నచ్చకపోతే ఆ గిన్నె నేనే తాగేస్తా" అనేవాడట. టికెట్ కలెక్టరు పట్టుకున్నాడు.

"లైసెన్సు లేకుండా రైల్లో అమ్మకాలేంటయ్యా?"

"అమ్మట్లేదు సార్, ఊరికే పోస్తున్నా."

"ఊరికే పోస్తున్నావా? అయితే ఇంకా అనుమానించాలి. ఏముంది అందులో?"

"మీ నూడుల్స్ ఎక్కడున్నాయి సార్?"

అంత కోపంలోనూ ఆ కలెక్టరు గిన్నె తెచ్చాడట. ఆ మరుసటి ఏడాదికల్లా ఆ రైలు భోజనశాలలో మా సీసాలే. తరవాత వేరే రైళ్లు, ఊళ్లు, పెద్ద పెద్ద కొట్లు. ఫ్యాక్టరీ బోర్డు తీసి కంపెనీ అని కొత్త బోర్డు పెట్టారు. హావ్ జనరల్ మేనేజరయ్యాడు. కంపెనీ కారిచ్చింది. ఆ కారులో ఆయన ఎక్కింది తక్కువ, నెలలు నిండిన ఆడవాళ్లు ఎక్కింది ఎక్కువ. ఆసుపత్రి వంతెనకు అవతల ఉంది, అప్పుడు అటు బస్సు లేదు.

మీటింగులు మాత్రం పెరట్లో, బానల మధ్య, అందరూ నిలబడే. ఆ చలిలో ఎవరూ రెండు ముక్కలకు మించి మాట్లాడేవారు కాదు. "కుర్చీ వేస్తే మాట సాగుతుంది వదినా" అనేవాడు నాతో.

అలాంటి మనిషిని జిల్లా వాళ్లు వచ్చి, వ్యాపారం తెలిసినవాడు ప్రభుత్వంలో కావాలి, ఉప అధిపతిగా రమ్మన్నారు. నేను వెంటనే ఒక గిన్నె కొర్రగంజి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గంజి ఇవ్వడానికే వెళ్లాను. వెళ్లాక నాలుగు సంగతులు తెలిశాయంటే అది నా తప్పు కాదు.

"వెళ్తావా మరి?" అన్నాను.

"వెళ్తాను వదినా. ఇన్నాళ్లూ ఒక్క ఫ్యాక్టరీ పులుపే చూశాను. జిల్లా మొత్తం ఎలా ఉందో చూడాలనుంది."

"జిల్లాలో కూడా వేలు ముంచి నాకుతావా ఏంటి!"

రుయ్‌లియెన్ నవ్వలేదు. ఉద్యోగం మారిన నాలుగు నెలలకు ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ మా క్వార్టర్స్‌లో చెప్పుకుంటారు. "జీతం తగ్గింది వదినా, వచ్చే జనం పెరిగారు. టీ ఆకుకే సరిపోతోంది."

కొత్త పదవిలో మొదటి వారమే ప్రభుత్వ కార్యాలయం ముంగిట్లో, మంచులో, నిలబడి మీటింగు పెట్టాడు. మర్నాటికి సగం ఆఫీసు ముక్కులు చీదుతోంది. జిల్లా పార్టీ కార్యదర్శి పిలిచి, "హావ్, ఇక్కడ బానలు లేవు, కుర్చీలున్నాయి. కాస్త కూర్చో" అన్నారట. కూర్చోవడం నేర్చుకున్నాడు. విందుల్లో వెనిగర్ సీసా మూత తీసి వాసన చూసి, ఇది ఫలానా ఊరి సరుకు, నీళ్లు కలిపారు అని చెప్పడం మాత్రం మానలేదు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో నేను ఇక్కడి నుంచే ఊహించగలను.

రోడ్లూ బస్సులూ ఆయన చేతికి వచ్చాయి. ఇంకేం, కొత్త బస్సు వస్తుంది, స్టాపు మన గేటు ముందే అని క్వార్టర్స్ అంతా ఖాయం చేసేసుకుంది. మా ఆయన అయితే బస్సు కోసం ఎదురు చూస్తూ చదరంగం ఆడుకోవడానికి రాతిబల్ల ఎక్కడ వెయ్యాలో కూడా చూసి పెట్టుకున్నాడు. తీరా బస్సు వచ్చింది, మా గేటు ముందు నుంచే రివ్వున పోయింది. స్టాపు వంతెనకు అవతల, ఆసుపత్రి ముందు.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర అందరం నిలబడి ఉన్నాం.

"ఏమయ్యా రున్‌షెంగ్, సొంత మనుషులం కళ్లకు ఆనలేదా?"

"పల్లెల్లోంచి వచ్చేవాళ్లు జబ్బు మనుషులు వదినా. మీరంతా గట్టివాళ్లు కదా, నడవగలరు."

"ఆ వంతెన మీద గాలికి నేను కొట్టుకుపోతే?"

"మీరా?" అని నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "గాలికే ప్రమాదం."

అందరూ నవ్వారు, నేను తప్ప. ఆ స్టాపు గురించి మేము ఆయన్ని సాధించని చలికాలం లేదు. కూరగాయల సంచితో వంతెన దాటి వచ్చిన ప్రతిసారీ ఆయన గుమ్మం ముందు సంచి దించి, "అమ్మా, నడుం!" అని గట్టిగా అని పోయేదాన్ని. ఆయన లోపలినుంచి, "విన్నాను వదినా" అనేవాడు. అదొక అలవాటైపోయింది ఇద్దరికీ.

ఇలా ఉండగా, మొన్నటి చలికాలంలో గేటు పక్క బోర్డు మీద ఒక నోటీసు అంటించారు. నేను చదివింది ప్రైమరీ బడి దాకానే అయినా నోటీసులు ముందుగా చదివేది నేనే. హావ్ రున్‌షెంగ్‌ను జిల్లా అధిపతి పదవికి పరిశీలిస్తున్నాం, మనుషులు వచ్చి విచారిస్తారు, మంచీ చెడూ చెప్పాలనుకున్నవాళ్లు చెప్పవచ్చు అని దాని సారాంశం. సొంత ఊళ్లో ఆ కుర్చీ ఇవ్వరు కాబట్టి పక్కనున్న లియాంగ్‌పోకు పంపుతారని అందరికీ అర్థమైంది. బానల పెరటి నుంచి ఒక మనిషి అంత దూరం పోవడం మాకు తెలిసి అదే మొదలు.

మా నివాసుల కమిటీ పెద్ద జియా శూచిన్. మేమంతా ప్రెసిడెంటమ్మ అంటాం. ఆమెకు పైవాళ్లు వస్తున్నారంటే కాళ్లూ చేతులూ ఆడవు, నోరు మాత్రం ఆడుతుంది. పెద్దవాళ్లు చదరంగం ఆడుకునే గదిలో అందర్నీ పోగేసింది. హావ్ దంపతులను మాత్రం పిలవలేదు.

"వినండి. మన మనిషి నోటి దాకా వచ్చిన ముద్ద జారకూడదు. ఏం అడిగినా ఒకటే చెప్పండి. మంచి మనిషి, నిరాడంబరుడు, ప్రజలకు దగ్గరగా ఉంటాడు."

"లోపాలు అడుగుతారుగా?" అన్నాడు మా ఆయన.

"లోపం ఏమిటంటే, పనిలో పడి ఒంటి సంగతి పట్టించుకోడు. అందరూ అదే చెప్పండి. ఇంకో సంగతి. ఎల్లుండి లాబా పండుగ. హావ్ గారి గుమ్మం ముందు ఈ ఏడు ఒక్క జాడీ కూడా కనబడకూడదు. పదవి వచ్చే వేళ గుమ్మం ముందు జాడీలుంటే లంచం అంటారు. వాళ్లకు ముందుగా చెప్పకండి కూడా. చెబితే ఆయనే మనతో అలా చేయించాడంటారు."

ఆ జాడీల సంగతి చెప్పాలి. పన్నెండో నెల ఎనిమిదో నాడు లాబా. ఆ వేళకు ప్రతి ఇంట్లోనూ వెల్లుల్లి రెబ్బలు ఒలిచి వెనిగర్‌లో ఊరబెడతాం. చలికి అవి పచ్చలరాయిలా పచ్చబడతాయి. కొత్త సంవత్సరానికి మాంసం కుడుముల్లోకి నంజుకుంటాం. అందరం చేసేది అదే, వేసేది ఒకే ఫ్యాక్టరీ వెనిగర్. అయినా మా క్వార్టర్స్‌లో ఎవరి జాడీ వాళ్లు తినరు. పండగ పొద్దున్నే ఇరుగుపొరుగు గుమ్మాల ముందు పెడతారు, రెండు రోజులు అక్కడే ఉంచుతారు. అలా వచ్చిన జాడీని ఖాళీగా తిరిగి ఇవ్వరు. గుమ్మం ముందు జాడీ లేదంటే ఆ ఇంటితో క్వార్టర్స్ మాటలు మానేసిందని అర్థం. నేను కాపురానికి వచ్చాక అలా జరిగింది ఒక్కసారే, పక్కింటివాళ్ల పావురాలకు మందు పెట్టిన మనిషికి. వసంతం రాకముందే ఇల్లు ఖాళీ చేసి పోయాడు.

"శూచిన్, గుమ్మం బోసిగా ఉంటే రుయ్‌లియెన్ తట్టుకోలేదు" అన్నాను.

"పదవి వచ్చాక తట్టుకుంటుంది" అంది ప్రెసిడెంటమ్మ.

అందరూ తలలూపారు. ఒప్పుకోక తప్పలేదు.

లాబా పొద్దున్న నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అన్ని గుమ్మాల ముందూ జాడీలు. రుయ్‌లియెన్ తలుపు తీసింది. ఎప్పట్లా వంగబోయింది. కింద ఏమీ లేదు. నిటారుగా నిలబడి అటూ ఇటూ చూసింది. వరసలోని గుమ్మాలన్నీ చూసింది. తరవాత నెమ్మదిగా, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. ఆ చప్పుడు లేకపోవడమే నా ప్రాణానికి వచ్చింది. ఉల్లికాడలు తరుగుతూ వేలు కోసుకున్నాను.

మధ్యాహ్నానికి జల్లెడ తిరిగివ్వడానికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"వదినా, మేమేం తప్పు చేశాం?"

ప్రెసిడెంటమ్మ అదే సమయానికి మా వంటింట్లో నీళ్లు తాగుతోంది. నా కాలు తొక్కింది. "తప్పా? ఏం తప్పు? చలి ఎక్కువగా ఉంది, అందరూ నెమ్మదిగా లేస్తున్నారు" అంది.

"ఆయన అంటున్నారు, బస్సు స్టాపు కోపం ఇంకా పోలేదన్నమాట అని. సొంత వాడకే అక్కర్లేని మనిషిని, పక్క జిల్లాకు పోయి ఏ మొహంతో పెద్దననిపించుకోను అంటున్నారు. రేపు ఆ విచారణ వాళ్లు వస్తారు కదా, వాళ్ల ముందుకు పోయి పేరు తీసెయ్యమని చెప్పేస్తారట."

జల్లెడ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను ప్రెసిడెంటమ్మ వైపు తిరిగాను.

"చూశావా? ఇప్పుడైనా చెబుదాం."

"చెబితే మొత్తం చెడుతుంది! రేపొక్కరోజు నోరు కట్టుకో. నీ నోటికి అది కష్టమే, నాకు తెలుసు."

మర్నాడు పొద్దున్నే నగరం నుంచి పార్టీ నియామకాల శాఖ వాళ్లు ఇద్దరు వచ్చారు. తాన్ అని ఒక సన్నటి పెద్దమనిషి, రాసుకోవడానికి ఒక అమ్మాయి. తాన్ గేటు దగ్గరే ఆగి వరసలన్నీ ఒకసారి చూసి, కాపలా ఉండే దింగ్ తాతను అడిగాడు.

"తాతా, ఈ జాడీలేంటి?"

"పండగవి బాబూ. ఒకరి గుమ్మం ముందు ఒకరు పెట్టుకుంటారు."

"ఆ ఇంటి ముందు లేవే?"

"లేకపోతే లేనట్టే. పోట్లాడుకున్న ఇంటి ముందు పెట్టరు" అన్నాడు దింగ్ తాత. అతనికి అంతకు మించి తెలియదు. ప్రెసిడెంటమ్మ మీటింగు పెట్టినప్పుడు గేటు దగ్గర కూర్చుని నిద్రపోయాడు.

"ఆ ఇల్లు ఎవరిది?"

"హావ్ గారిది."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. ఇదంతా నాకెలా తెలుసంటే, అప్పుడు నేను గేటు పక్కనే చెత్తబుట్ట ఖాళీ చేస్తున్నాను. చాలా నెమ్మదిగా ఖాళీ చేస్తున్నాను.

చదరంగం గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. బయట బెంచీ మీద కూర్చుంటే తలుపు సందులోంచి అంతా వినబడుతుంది. మొదట వెళ్లినవాడు "మంచి మనిషి, నిరాడంబరుడు, ప్రజలకు దగ్గరగా ఉంటాడు" అన్నాడు. రెండోవాడూ అదే. మూడో ఆవిడ నిరాడంబరుడు అన్న మాట దగ్గర తడబడి మళ్లీ మొదటినుంచి అప్పజెప్పింది. లోపం ఏమిటంటే అందరికీ ఒకటే, ఒంటి సంగతి పట్టించుకోడు. మా ఆయన వంతు వచ్చేసరికి తాన్ గొంతులో విసుగు మొదలైంది.

"మళ్లీ ఒంటి సంగతేనా?"

"అవునండి. చాలా నిర్లక్ష్యం."

"ఏం జబ్బు ఆయనకు?"

"జబ్బా? ఎద్దులా ఉంటాడు" అన్నాడు మా ఆయన. నేను బెంచీ మీదే తల కొట్టుకున్నాను.

తరవాత నన్ను పిలిచారు. తాన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"కాంగ్ అమ్మగారు, కూర్చోండి. మంచి మనిషి, నిరాడంబరుడు, ప్రజలకు దగ్గరగా ఉంటాడు. అంతేనా? లోపం చెప్పండి. ఒంటి సంగతి మాత్రం వద్దు, దణ్ణం పెడతాను."

నోరు కట్టుకోవాలని నేను నిజంగానే ప్రయత్నించాను. కానీ బయట హావ్ ఇంటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది, కిటికీలోంచి చూశాను. హావ్ తన పాత దూది కోటు వేసుకుని గుమ్మం దాటాడు. పేరు తీసెయ్యమని చెప్పడానికి ఇటే వస్తున్నాడు. ఇంక ఆగలేదు.

"లోపాలా? ఎన్ని కావాలి? రాసుకో అమ్మాయ్. మొదటిది బస్సు స్టాపు. ఊరందరి కష్టాలూ కనబడతాయి గానీ ఎదురింటి వదిన నడుం కనబడదు. రెండోది, ఎవరింటికి వచ్చినా వేలు ఊరగాయలో పెడతాడు, కడగడు. మూడోది, ఆ పాట. దేవుడా, ఆ పాట! లియాంగ్‌పో వాళ్లను తలుచుకుంటే జాలేస్తోంది. మా అక్క కొడుకును కంపెనీలో పెట్టమంటే పరీక్ష రాయమన్నాడు. వాడు రాశాడు, తప్పాడు. ఏమయ్యా అంటే, మళ్లీ రాయమను వదినా అన్నాడు. మా అక్క ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. చలిలో నిలబెట్టి మీటింగులు పెడతాడు. విందుకు పిలిస్తే వెనిగర్‌కు వంక పెడతాడు. ఇంకా ఉన్నాయి, కాస్త ఊపిరి తీసుకోనీ."

ఆ అమ్మాయి కలం ఆగింది. తాన్ కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు.

"అందుకేనా ఆయన గుమ్మం ముందు జాడీ పెట్టలేదు?"

"ఆఁ?"

"కోపం ఉన్నవాళ్ల గుమ్మం ముందు పెట్టరట కదా. క్వార్టర్స్ అంతా కోపంగా ఉంది, మాకు మాత్రం పాఠం అప్పజెబుతోంది. మేం అలాగే అనుకోవాలి కదమ్మా."

"కోపమా! మీ భయానికే పెట్టలేదయ్యా! మీరొచ్చి లంచం అంటారని, ఆ శూచిన్ పెట్టొద్దంటే మానేశాం! ఆ పిల్ల నిన్నటినుంచీ ఏడుస్తోంది!"

"లంచమా? వెల్లుల్లా?"

"మీ బుద్ధి ఎలా పోతుందో మాకేం తెలుసు!"

తలుపు తోసుకుని బయటికి వచ్చాను. ముంగిట్లో హావ్ సగం దూరం వచ్చి ఉన్నాడు. "అక్కడే ఆగు!" అని అరిచాను. అరవై దాటిన నా నోటికి బానల పెరట్లో మా ఆయన్ని పిలిచిన అలవాటు ఉంది. ఆయన ఆగిపోయాడు. ఇంట్లోకి పోయి, ఆయన కోసమే ఊరబెట్టి బల్ల కింద దాచిన జాడీ తెచ్చి, అందరూ చూస్తుండగా ఆయన గుమ్మం ముందు ధణాలున పెట్టాను.

"ఇదిగో. నిన్నటిది. ఇందులో వేలు పెట్టావంటే విరిచేస్తాను!"

తరవాత ఒక్కో తలుపూ తెరుచుకుంది. ప్రతి ఇంట్లోనూ ఒక జాడీ దాచి ఉంది మరి. ఒకావిడ జాడీ దించుతూ, "మా మరుగుదొడ్డి పైపు సంగతి ఇంకా తేల్చలేదు, మరిచిపోలేదు నేను" అంది. ఇంకొకాయన, "ఆ పాట అక్కడ పాడుకో, మమ్మల్ని కాస్త నిద్రపోనీ" అన్నాడు. మా ఆయన తన చదరంగం బల్ల గురించి చెప్పడం మొదలుపెడితే నేనే ఆపాను. చివరికి ప్రెసిడెంటమ్మ కూడా కోటు కింద దాచుకున్న జాడీ తెచ్చింది. ఆమె దగ్గర అసలు ఉంటుందని నేను అనుకోలేదు. "నేనూ మనిషినే" అంది నా వైపు చూడకుండా.

హావ్ ఆ జాడీల మధ్య కాలు పెట్టడానికి చోటు లేక ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"స్టాపు కోపం పోలేదనుకున్నాను వదినా."

"పోలేదు. ఎవరు పోయిందన్నారు? కోపం వేరు, జాడీ వేరు."

లోపలినుంచి రుయ్‌లియెన్ వచ్చింది. గుమ్మం చూసింది, ఏడవలేదు. చీపురు పక్కన పెట్టి, గబగబా తను ఊరబెట్టిన జాడీలు తెచ్చి ఒక్కొక్కరి చేతుల్లో పెట్టడం మొదలెట్టింది. నా చేతికి ఇస్తూ చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కింది. అంతే, ఆ పిల్ల అంతకన్నా ఎక్కువ మాట్లాడదు.

తాన్ మెట్ల మీద నిలబడి అంతా చూస్తున్నాడు. హావ్ ఆయన దగ్గరకు వెళ్లి, "మీతో ఒక మాట చెప్పాలని బయల్దేరాను. ఇప్పుడు అక్కర్లేదనిపిస్తోంది" అన్నాడు.

"నాకూ అలాగే అనిపిస్తోంది. ఇంతకీ, ఇచ్చినవాళ్లందరికీ తిరిగి ఇస్తారా మీరు?"

"ఖాళీ జాడీ తిరిగివ్వకూడదండి."

"అయితే ఇది కానుక కాదు, మారకం" అన్నాడు తాన్ ఆ అమ్మాయితో. ఆ అమ్మాయి రాసుకుంది.

అప్పటికి మధ్యాహ్నమైంది. చేత్తో తరిగిన నూడుల్స్ ఒక్క గిన్నె తినమంటే, రూలు ఒప్పుకోదు అన్నారు. "గిన్నె వద్దులెండి, ఒక్క రెబ్బ రుచి చూడండి" అని నేను జాడీ మూత తీశాను. తాన్ అటూ ఇటూ చూశాడు.

"తిన్నట్టు ఎవరికీ తెలియకూడదు."

"ఇది వెల్లుల్లి బాబూ. నోరు తెరిస్తే నగరమంతా తెలుస్తుంది."

తిన్నాడు. ఇంకొకటి కూడా తిన్నాడు. ఆ అమ్మాయి ఎన్ని తిన్నదో నేను చెప్పను, ఆమె ఉద్యోగం ఆమెకుండాలి.

కొత్త సంవత్సరం కుడుములు తిన్న కొన్నాళ్లకే ఆర్డరు వచ్చింది. హావ్ దంపతులు లియాంగ్‌పో వెళ్లిపోయారు. వెళ్లేముందు రుయ్‌లియెన్ అందరి జాడీలూ అక్రూట్లు నింపి తిరిగిచ్చింది. నాదొక్కటే రాలేదు. "అది నాతో తీసుకెళ్తున్నా వదినా, అక్కడ నింపి పంపుతా" అన్నాడు హావ్. వసంతం పోయింది, వేసవి వచ్చింది. జాడీ రాలేదు. జాడీ కోసమే కాకపోయినా, ఆయన అక్కడ ఎలా ఉంటున్నాడో, ఇల్లెలా ఉందో, ఎవరెవరు వస్తున్నారో చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

వంతెన దాటి స్టాపుకు నడిచాను. ఎండకు దారంతా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఆసుపత్రి ముందు బస్సు ఆగింది. కాలికి కట్టున్న ఒక పల్లెటూరి ముసలామె, కోడలి భుజం పట్టుకుని దిగింది. దిగగానే ఎదురుగా ఆసుపత్రి తలుపు. నా సంచి పక్కకు జరిపి ఆమెకు దారి ఇచ్చాను. ఇచ్చానని హావ్‌కు మాత్రం చెప్పదలచుకోలేదు.

లియాంగ్‌పోలో అడ్రసు అడగక్కర్లేకపోయింది. ఆఫీసు ముంగిట్లో చెట్టు కింద జనం నిలబడి ఉన్నారు, మధ్యలో ఆయన. నన్ను చూసి మీటింగు ఆపేసి, "మా కాంగ్ వదిన. నా లోపాలన్నీ ఈమె దగ్గర ఉంటాయి, కావలసినవాళ్లు అడిగి తెలుసుకోండి" అన్నాడు. ఇద్దరు నిజంగానే వచ్చి అడిగారు. నేను కాదనలేదు.

జాడీ ఆయన ఆఫీసు కిటికీలో ఉంది. ఆ జిల్లాలో కొండలమీద అడవి నేరేడులాంటి చిన్న పుల్లటి పళ్లు కాస్తాయట, ఇన్నాళ్లూ నేల మీద రాలిపోయేవట. వాటిని ఎండబెట్టి, ఊరబెట్టి, రైల్లో అమ్మేలా చిన్న సంచుల్లో వేయిస్తున్నాడు. మొదటి ఊట నా జాడీ నిండా.

"రుచి చూడు వదినా."

వేలు ముంచాను. చెయ్యి కడుక్కోలేదు, అక్కడ నీళ్లు లేవు.

"పులుపు చాలదు."

"నేనూ అదే అన్నాను, ఎవరూ వినట్లేదు" అన్నాడు సంబరంగా.

సాయంత్రం తిరుగు బస్సులో జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నిండు జాడీ, బరువు. మా గేటు దగ్గరికి రాగానే లేచాను.

"బాబూ, ఇక్కడ ఒక్క క్షణం ఆపు. చేతిలో బరువుంది."

"ఇక్కడ స్టాపు లేదు పిన్నీ. ఆసుపత్రి దగ్గరే."

"ఎవరు చెప్పారు?"

"హావ్ గారు పెట్టిన రూలు. ఎవరికోసమూ ఆపొద్దన్నారు."

"ఈ జాడీ ఆ హావ్ ఇచ్చిందే!"

"అయితే మీకు తెలిసే ఉంటుంది కదా పిన్నీ" అన్నాడు డ్రైవరు, బస్సు పోనిస్తూ.

జాడీ చంకన పెట్టుకుని వంతెన మీద వెనక్కి నడిచాను. నడుస్తూ ఆ లియాంగ్‌పో వాళ్లకు చెప్పడం మరిచిపోయిన లోపాలన్నీ గుర్తు చేసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఎదురింటి గుమ్మం మూసి ఉంది. అయినా అలవాటు చొప్పున అక్కడ జాడీ దించి, "అమ్మా, నడుం!" అన్నాను, గట్టిగా.